మన స్త్రీలు నడిపిన పత్రికలు ఎక్కడున్నాయి?

స్త్రీల సమాజం, యువజన సంఘం కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



స్త్రీలు సంపాదకులుగా ఉండి నడిపిన పత్రికల చరిత్రను కాపాడుకోవడం గురించి మాట్లాడమని మమ్మల్ని అడిగారు. ఇది లైబ్రరీవాళ్ల పని కదా, పాస్టర్లకూ న్యాయం కోసం పోరాడే సంఘాలకూ ఇందులో ఏం పని అని కొందరు తమ్ముళ్లు అనుకుంటున్నట్టు వాళ్ల ముఖాల్లోనే కనిపిస్తోంది. కాస్త ఓపిక పట్టండి. ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

తెలుగులో మొదటి కథ ఏది? తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎవరైనా గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ అంటారు. అది 1910లో వచ్చింది. చాలా ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో అదే ఉంది, పరీక్షల్లో అదే రాశాం. అయితే అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902 నవంబరులో, ‘హిందూ సుందరి’ అనే పత్రికలో ‘ధన త్రయోదశి’ అనే కథ అచ్చయింది. రాసినామె భండారు అచ్చమాంబ. ఏది నిజంగా తొలి కథ, ఏది కాదు అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. వాళ్లను వాదించుకోనిద్దాం. మనం చూడాల్సింది వేరే ఉంది. ఆ పాత సంచిక ఎక్కడో ఒకచోట చెదలకు దొరక్కుండా మిగిలింది. మిగిలింది కాబట్టి వాదన అంటూ మొదలైంది. అది కూడా పోయి ఉంటే వాదించడానికి ఏమీ ఉండేది కాదు. ఆమె కథ రాసిందన్న సంగతే మనకు తెలిసేది కాదు.

ఇంకొక మాట. అచ్చమాంబ పుట్టింది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. భర్త ఉద్యోగరీత్యా ఆమె బతుకు చాలావరకు నాగపూరు, బిలాస్‌పూరు వైపు గడిచింది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ. అక్కడ ఉండే ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు కూర్చింది. 1901లో అది పుస్తకంగా వచ్చింది. స్త్రీల చరిత్రను స్త్రీయే కూర్చడం తెలుగులో అప్పటికి కొత్త. మహారాష్ట్ర నుంచి వచ్చిన సోదరులారా, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తెలుగు రాష్ట్రాలకు బయట ఉండేవాళ్లం మనమేదో అంచుల్లో ఉన్నామని అనుకుంటాం. ఆమె ఉన్నదీ అంచులోనే.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. స్త్రీల కోసం పత్రిక నడపడం ఒకటి, స్త్రీలే పత్రిక నడపడం మరొకటి. వీరేశలింగంగారు 1883లో ‘సతీహిత బోధిని’ పెట్టారు. గొప్ప పని, కాదనం. కాని అక్కడ మాట్లాడేది పురుషుడు, వినేది స్త్రీ. మద్రాసులో డాక్టర్ కేసరిగారు 1928లో ప్రారంభించిన ‘గృహలక్ష్మి’ ఎందరో రచయిత్రులకు చోటిచ్చింది, అయినా సంపాదకుడు ఆయనే. ‘హిందూ సుందరి’ని 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు స్థాపించి, సంపాదకత్వాన్ని మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయి అనే ఇద్దరు స్త్రీల చేతికిచ్చారు. ఆ తర్వాత కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ ‘సావిత్రి’ని, వింజమూరి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ను నడిపారు. యానాం పిల్లలు బస్సెక్కి కాకినాడ వెళ్తే ఆ వీధుల్లోనే తిరుగుతారు. ఈ పత్రికలు మొదలైన కాలానికి యానాం ఇంకా ఫ్రెంచివారి చేతిలో ఉంది. పక్క ఊళ్లో ఆడవాళ్లు కాగితాలకు ఖరీదు కట్టి, ప్రూఫులు దిద్ది, చందాలు వసూలు చేస్తున్నారు.

వీళ్లందరూ మనం మెచ్చే మాటలే రాశారని కాదు. ‘సావిత్రి’ సంపాదకురాలు వితంతు వివాహాలను సమర్థించలేదు. సంస్కర్తలతో గట్టిగానే వాదానికి దిగింది. అలాంటి పత్రికను ఎందుకు దాచాలని ఒక సమావేశంలో ఒక చెల్లెమ్మ మమ్మల్ని అడిగింది. దాచాల్సిందే. మనకు నచ్చినవాళ్లనే దాచుకుంటే అది చరిత్ర అవదు, మన ఫొటో ఆల్బమ్ అవుతుంది. ఒక స్త్రీ తన పేరుతో, తన పత్రికలో, ఊరంతా గౌరవించే పెద్దమనిషికి ఎదురు చెప్పింది. ఆమె చెప్పినదాన్ని మనం ఒప్పుకోనక్కర్లేదు. అలా చెప్పగలిగిందన్నది మాత్రం పోకూడదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. కమలా సత్యనాథన్ అనే పేరు ఇక్కడ ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఇద్దరు. పోనీ, ఇద్దరైనా ఉన్నారు.

ఈమె మన మనిషి. తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. పెళ్లికి ముందు పేరు హన్నా రత్నం. మచిలీపట్నం నోబుల్ కాలేజీలో చదివి 1898లో బి.ఏ. పట్టా పుచ్చుకుంది. 1901లో ఎం.ఏ. అయింది. దక్షిణ భారతంలో ఎం.ఏ. చదివిన తొలి స్త్రీగా ఆమెనే చెబుతారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఆచార్యుడైన శామ్యూల్ సత్యనాథన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన తమిళ క్రైస్తవుడు. ఆయన మొదటి భార్య కృపాబాయి, అహ్మద్‌నగర్‌లో పుట్టిన రచయిత్రి, 1894లో చనిపోయింది. కృపాబాయి రాసిన ఒక నవల పేరు ‘కమల’. దాంతో ఇద్దరినీ కలిపేసి ఒకరి రచనలు మరొకరివిగా చెప్పేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. ఇంటిపేరు ఒకటే అయ్యేసరికి ఇద్దరు ఆడవాళ్లు ఒకరైపోయారు, చూశారా.

ఎం.ఏ. అయిన ఏడాదే, 1901 జులైలో, కమల మద్రాసు నుంచి ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ అనే ఇంగ్లిషు మాసపత్రిక మొదలుపెట్టింది. భారతీయ స్త్రీ సంపాదకురాలిగా, భారతీయ స్త్రీల కోసం ఇంగ్లిషులో వచ్చిన తొలి పత్రికల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. సరోజినీ నాయుడు కవితలు అందులో వచ్చాయి. న్యాయశాస్త్రం చదివిన కొర్నేలియా సొరాబ్జీ రాసింది. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ అనే ముస్లిం స్త్రీ ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ పంపితే దాన్నీ వేసింది. ఆ కథలో ఒక ఊహా దేశం ఉంటుంది. అక్కడ మగవాళ్లు జనానాలో ఉంటారు. ఆడవాళ్లు సూర్యరశ్మితో వంట చేసుకుంటూ, విజ్ఞానంతో రాజ్యం నడుపుకుంటూ ఉంటారు. ఇవాళ ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో ఆ కథ చదువుతున్నారు.

ఒక్క క్షణం ఆగి దీన్ని చూడండి. రాసింది పర్దాలో పెరిగిన బెంగాలీ ముస్లిం స్త్రీ. అచ్చువేసింది మద్రాసులో ఉన్న తెలుగు క్రైస్తవ స్త్రీ. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఈ రోజుల్లో మతాల మధ్య స్నేహం గురించి మనం సెమినార్లు పెట్టుకుంటున్నాం, బ్యానర్లు కట్టుకుంటున్నాం. ఆమె తనకు వచ్చిన రచన చదివింది, బాగుందనుకుంది, వేసింది. సంపాదకత్వం అంటే అదే. ఏది లోకం చదవాలో తేల్చే అధికారం. సంఘాల్లో ఆ అధికారం స్త్రీలకు ఇవ్వాలా వద్దా అని నేటికీ చర్చించుకునేవాళ్లకు 1905 నాటి ఈ సంచిక చూపించాలి.

1906లో భర్త జపాన్‌లో ఉండగా చనిపోయాడు. చిన్నపిల్లలు, ఒంటరి బతుకు. అయినా పత్రిక ఆపలేదు. 1918 దాకా నడిపింది. ఆ తర్వాత విరామం. మళ్లీ 1927లో మొదలుపెట్టి, కూతురు పద్మిని కూడా చెయ్యి వేయగా 1938 వరకు నడిపింది. లెక్కవేస్తే రెండు విడతల్లోనూ కలిపి దాదాపు ముప్ఫై ఏళ్లు. మన సంఘ పత్రికలు ఎన్ని అంతకాలం నడిచాయో ఇంటికి వెళ్లాక లెక్క వేసుకోండి.

మరి ఆమె పేరు మన సండే స్కూలు పిల్లలకు ఎందుకు తెలియదు? మాకు తోచిన కారణం చెబుతాం. ఆమె రాసింది ఇంగ్లిషులో. కాబట్టి తెలుగు సాహిత్య చరిత్రలు పట్టించుకోలేదు. మెట్టినింటి పేరు తమిళం, కాబట్టి చాలామంది తమిళురాలు అనుకున్నారు. తమిళంలో రాయలేదు కాబట్టి తమిళ సాహిత్య చరిత్రకూ ఆమె అక్కర్లేదు. క్రైస్తవురాలు కాబట్టి జాతీయోద్యమ చరిత్ర రాసినవాళ్లు పక్కన పెట్టారు. సంఘ చరిత్ర రాసినవాళ్లకేమో మిషనరీ దొరలు, దొరసానులు, బిషప్పులు చాలు. అంటే ఎవరి గుమ్మం ముందు నిలబడినా, నువ్వు పక్కింటిదానివి అన్నారు. బెంగళూరులో, చెన్నైలో, సోలాపూరులో, బరంపురంలో ఉంటున్న మనకు ఈ అనుభవం కొత్తది కాదు. ఇక్కడివాళ్లకు మనం తెలుగువాళ్లం. అక్కడివాళ్లకు మనం బయటివాళ్లం.

ఆమె చరిత్రను నిలబెట్టింది ముందు కూతురే. పద్మినీ సేన్‌గుప్తా 1956లో తల్లి జీవిత చరిత్ర పుస్తకంగా వేసింది. ఆ పత్రిక మొత్తం మీద సమగ్రమైన ఇంగ్లిషు పుస్తకం 2017లో వచ్చింది, రాసింది డెబోరా అన్నా లోగన్ అనే విదేశీ విద్వాంసురాలు. ఆమెకు మనం రుణపడి ఉన్నాం. తెలుగులో మాత్రం కమల గురించి దొరికేవి చిన్నచిన్న వ్యాసాలే. మన వేదాంత కళాశాలల్లో చదివే అమ్మాయిల్లో ఎవరో ఒకరు ఈ పని తలకెత్తుకోవాలని మా కోరిక.

ఆమెను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. ఆ పత్రిక చదవాలంటే ఇంగ్లిషు రావాలి, చందా కట్టే స్తోమత ఉండాలి. అదే సమయంలో పల్లెపల్లెకూ నడిచి మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో సువార్త చెప్పి, పిల్లలకు అక్షరాలు దిద్దించిన బైబిలు స్త్రీలు వందల్లో ఉన్నారు. మిషను నివేదికల్లో వాళ్లలో చాలామంది అంకెలుగానే మిగిలారు. కొందరికి పేరుంటుంది, ఇంటిపేరు ఉండదు, ఊరు ఉండదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ అనే సంకలనం వచ్చింది. 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవాటిని వెతికి, ఏరి, ఒకచోట చేర్చిన పుస్తకం అది. అంతకుముందు దళిత స్త్రీలు ఏం రాశారని అడిగేవాళ్లు. పుస్తకం వచ్చాక ఆ ప్రశ్న వేసేవాళ్ల గొంతు తగ్గింది. రాయకపోవడం వేరు, రాసింది ఎవరూ పోగుచేయకపోవడం వేరు.

తెలుగులో స్త్రీల కోసం మన క్రైస్తవ సాహిత్య సంఘం కూడా గత శతాబ్దం తొలి దశకాల్లో మద్రాసు నుంచి ‘వివేకవతి’ అనే పత్రిక నడిపింది. మహారాష్ట్రలో పండిత రమాబాయి కేడ్‌గావ్‌లోని ముక్తి మిషన్‌లో అచ్చు యంత్రం పెట్టి, ఆశ్రయం కోసం వచ్చిన స్త్రీల చేతనే టైపు కూర్పించి, తాను మూలభాషల నుంచి అనువదించిన మరాఠీ బైబిలును అచ్చు వేయించింది. వీటి గురించి మరోసారి మాట్లాడుకుందాం. సమయం చాలదు.

ఇప్పుడు అసలు దిగులు పడాల్సిన విషయం. పైన చెప్పినవన్నీ ఏదో ఒక గ్రంథాలయంలో కొంతైనా మిగిలాయి. అచ్చయిన పుస్తకాల నమోదుకు 1867లోనే చట్టం వచ్చింది. పుస్తకం అచ్చువేస్తే ప్రతులు గ్రంథాలయాలకు పంపాలని 1954లో ఇంకో చట్టం వచ్చింది, 1956లో పత్రికలనూ దాని కిందికి తెచ్చారు. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి అలా వచ్చి చేరినవి కోకొల్లలు. మరి మన స్త్రీల సమాజాలు నడిపిన పత్రికల మాటేమిటి? సైక్లోస్టైల్ చేసి, మడతపెట్టి, పిన్ను కొట్టి, ఆదివారం ఆరాధన తర్వాత పంచిన పత్రికలు. అట్ట మీద ‘ప్రైవేటు సర్క్యులేషన్ కోసం మాత్రమే’ అని ఉంటుంది. అవి ఏ రిజిస్టరులోనూ ఎక్కవు. ఏ గ్రంథాలయానికీ చేరవు. తెలుగు రాష్ట్రాల అకాడమీలకు అవి ఉన్నాయనే తెలియదు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా ప్రభుత్వాలు తెలుగు కాగితాల కోసం వెతకవు. కాబట్టి వాటిని దాచగలిగిన చోటు ఈ భూమి మీద ఒకటే ఉంది. మన ఇళ్లు.

బెంగళూరులో ఒక పెద్దమ్మగారిని చూడటానికి మేమిద్దరం వెళ్లాం. ఎనభై దాటాయి. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన కుటుంబం. 2001లో గనులు మూతపడ్డాక పిల్లలతో నగరానికి వచ్చేశారు. అక్కడ ఉన్నప్పుడు వాళ్ల సంఘంలో ఆమె పదకొండేళ్లు ఒక పత్రిక తయారుచేశారు. తెలుగు టైపు మిషను లేదు. స్టెన్సిల్ కాగితం మీద ఇనుప మొన కలంతో చేతిరాతతోనే రాసేవారట. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, మెల్లగా రాస్తే సిరా దిగదు. తప్పు పోతే నెయిల్ పాలిష్ లాంటిది పూసి, ఆరాక మళ్లీ రాయాలి. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చునేవారట. వంటల దగ్గర్నుంచి గని ప్రమాదాల్లో భర్తలు పోయినవాళ్లకు పరిహారం ఎలా అడగాలో దాకా రాశారు. ట్రంకు పెట్టెలో కొన్ని సంచికలు మిగిలాయి. మేము తిరగేశాం. ప్రతి సంచిక మీద సంపాదకులుగా అప్పటి పాస్టరుగారి పేరు ఉంది. ఆమె పేరు ఆఖరి పేజీలో, సహకారం అన్న మాట కింద.

అమ్మగారూ, మీ పేరు ఎందుకు వెయ్యలేదని అడిగాం.

“అప్పట్లో అదేమీ పట్టించుకోలేదయ్యగారూ. పని జరిగితే చాలనుకున్నాం. నాకు బాధేమిటంటే, నా మనవరాలు వీటిని చదవలేదు. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. అవ్వా, ఇవి ఏం కాగితాలు, పారేద్దామా అంటుంది. మంచి పిల్లే. దాని తప్పేముంది?”

ఆ మాట తర్వాత మేము పేరు సంగతి మళ్లీ ఎత్తలేదు.

యువతీ యువకులారా, మనలో ఎంతమందికి తెలుగు చదవడం వచ్చు? పాటల పుస్తకంలో పాటను ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్లు ఎంతమంది? సిగ్గుపడమని అనడం లేదు. మీరు పుట్టింది కన్నడ బడి పక్కన, తమిళ బడి పక్కన, ఒడియా బడి పక్కన. ఆ భాషలు రావడం మంచిదే. కాని చదివేవాళ్లు లేని కాగితం ఇంట్లో ఎన్నాళ్లో ఉండదు. చెదలకంటే ముందు పాత పేపర్లవాడు వస్తాడు. కిలోల లెక్కన తూచి తీసుకెళ్తాడు.

మరి ఏం చేద్దాం? మా అనుభవంలో తేలిందే చెబుతాం. ఒక యువతి, ఒక పెద్దామె జతగా కూర్చోవాలి. పెద్దామె సంచిక పట్టుకుని పైకి చదువుతుంది. చదువుతూ మధ్యలో ఆగి, ఈమె ఎవరో తెలుసా అంటూ కథ చెబుతుంది. యువతి ఫోనులో ఆ గొంతు రికార్డు చేస్తుంది. పేజీలను స్కాన్ చేస్తుంది. నాలుగైదు ఆదివారాలు ఇలా కూర్చుంటే అమ్మాయికి అక్షరాలు వాటంతట అవే పరిచయమవుతాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ఇలాగే ఎదురుగా కూర్చుని విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. టేపు రికార్డర్ల రోజుల్లో వాళ్లు చేశారు. మన జేబులో ఫోన్లున్నాయి.

స్కాన్ చేసేటప్పుడు వాక్య ధ్యానాలు, పాటలు ఒక్కటే తీసి మిగతావి వదిలేయకండి. అట్ట కావాలి. వెనక పేజీలో కుట్టు మిషన్ల ప్రకటన కావాలి. కానుకల లెక్క కావాలి. ఎవరు రెండు రూపాయలిచ్చారు, ఎవరు పావలా ఇచ్చారు అనే జాబితాలోనే మీ అమ్మమ్మ పేరు మొదటిసారి అచ్చులో కనిపించవచ్చు. మరణ వార్తలు, పెళ్లి వార్తలు, పరీక్ష పాసైన ఆడపిల్లల పేర్లు, చెల్లించని చందాల మీద సంపాదకురాలి విసుగు, అన్నీ కావాలి. చరిత్రకారులు రేపు వెతికేది వాటినే.

కాగితం సంగతి. పాత న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఉంటుంది, దానంతట అదే పసుపుపచ్చబడి పొడవుతుంది. ఇనుప పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తింటాయి. మెల్లగా తీసి దారంతో కట్టండి. లామినేషన్ చేయించవద్దు, ఒకసారి చేస్తే మళ్లీ ఊడదీయలేరు. సెల్లో టేపు అంటించవద్దు. గోడకు ఆనించిన బీరువాలో, నేల మీద పెట్టవద్దు. ఇంతకంటే పెద్ద శాస్త్రం మనకు అక్కర్లేదు.

స్కాన్ చేసినవి ఒక్కరి ఫోనులోనే ఉంచితే ఆ ఫోను పోయిన రోజు అవీ పోతాయి. మూడు చోట్ల పెట్టండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్లు ‘గృహలక్ష్మి’ వంటి పాత పత్రికలను డిజిటల్ చేసి అందరికీ అందుబాటులోకి తెచ్చారు. పాత సంచికలు వేటపాలెం సారస్వత నికేతనంలో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మన క్రైస్తవ పత్రాలకు బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో ఆర్కైవ్స్ విభాగం ఉంది. అసలు కాగితాలు ఇవ్వడం ఇష్టం లేకపోతే ప్రతులైనా ఇవ్వవచ్చు. హక్కుల మాటకొస్తే, మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. పేరు లేకుండా వచ్చినవాటికి అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్లు. అంతకంటే కొత్తవైతే కుటుంబాన్ని అడగండి. సాధారణంగా సంతోషంగా ఒప్పుకుంటారు.

ఒకచోట మాత్రం జాగ్రత్త. ఈ పత్రికలకు స్త్రీలు రాసిన ఉత్తరాలు కొన్ని అచ్చు కాకుండా ఫైళ్లలోనే ఉంటాయి. భర్త కొడుతున్నాడని, అత్తింట్లో తిండి పెట్టడం లేదని, సంఘ పెద్ద ఒకాయన నడత బాగాలేదని రాసినవి ఉంటాయి. అవి ఒక అక్క మరో అక్కను నమ్మి రాసిన మాటలు. వాటిని దాచండి, కాల్చకండి. కాని నలుగురి ఫోన్లలోకి పంపకండి. ఆ కుటుంబాలు ఇంకా మన మధ్యే ఉన్నాయి.

రాజుల రెండవ గ్రంథం 22వ అధ్యాయం మీకు తెలిసిందే. యోషీయా రాజు మందిరం బాగుచేయిస్తున్నాడు. వడ్రంగులు, తాపీవాళ్లు పనిచేస్తున్నారు. ఆ మరమ్మతుల కాలంలోనే యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. మందిరంలోనే ఉన్నా అందరూ మరిచిపోయిన గ్రంథం. రాజు విని బట్టలు చింపుకున్నాడు. ఇది నిజంగా దేవుని మాటేనా అని తెలుసుకోవడానికి పెద్దమనుషులను ఎవరి దగ్గరికి పంపించారు? హుల్దా అనే స్త్రీ దగ్గరికి. ఆమె ప్రవక్త్రి. ఆమె భర్త వస్త్రశాల చూసేవాడు. యాజకుడూ శాస్త్రీ కలిసి వెళ్లి ఆమె ఇంటి ముందు నిలబడ్డారు. పాత గ్రంథాన్ని ఆమె గుర్తుపట్టి, దాని అర్థం చెప్పింది. ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. వాటిలో యోషీయా ఎక్కువ, హుల్దా తక్కువ.

ఇప్పుడు మన ఊళ్లన్నిటా చర్చిలకు మరమ్మతులు జరుగుతున్నాయి. పాత పెంకులు తీసి స్లాబు వేస్తున్నారు, టైల్స్ వేస్తున్నారు, ఏసీలు పెడుతున్నారు. పని మొదలయ్యే ముందు చేసే మొదటి పని ఏమిటి? వెస్ట్రీ గదిలో పాత బీరువా ఖాళీ చేయడం. ఆ బీరువా కింది అరలో స్త్రీల సమాజం రిజిస్టర్లు, పత్రికలు ఉంటాయి. నిర్మాణ కమిటీలో సాధారణంగా అందరూ అన్నయ్యలే. ఏది చెత్తో ఏది కాదో వాళ్లే తేలుస్తారు. ఆ కమిటీలో స్త్రీల సమాజం నుంచి ఒకరిని కూర్చోబెట్టాలని, బీరువాలు తెరిచేటప్పుడు ఆమె దగ్గర ఉండాలని మా అసోసియేషన్ అన్ని సంఘాలకూ ఉత్తరం రాస్తోంది. ఉత్తరం ప్రతులు బల్ల మీద పెట్టాం, ఒక్కో సంఘం ఒక్కోటి తీసుకోండి.

టీ తర్వాత పక్క గదిలో మన యువకులు ఫోనుతో పేజీలు నీడ పడకుండా స్కాన్ చేయడం చూపిస్తారు. పాత సంచికలు సంచిలో పెట్టుకొచ్చిన అమ్మలు నలుగురున్నారు, మేము చూశాం. వాళ్లను ముందు కూర్చోబెట్టండి. సంచిక తెరవగానే ముందు రాసుకోవాల్సింది ఒక్కటే. దీన్ని నిజంగా ఎవరు తయారుచేశారో ఆమెనే అడిగి, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పెన్సిలుతో అట్ట లోపల రాయండి.